బావమరిది వెల్డింగ్ వల్లే లారీ కంప్యూటర్ పోయిందా?

చెన్నైలోని మాధవరం నుంచి ఒక పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు కాబట్టి విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆయనది పీలేరు దగ్గర పల్లె. ఇరవై ఏళ్ల కిందట క్లీనరుగా చెన్నై వచ్చి, డ్రైవరై, 2021లో అప్పు చేసి ఒక పాత లారీ కొనుక్కున్నారు. 2017 నవంబరులో రిజిస్టరైన బీఎస్-4 (పొగ ప్రమాణం) బండి అది, పొగ శుద్ధికి యూరియా ట్యాంకు ఉన్నది. మదనపల్లె యార్డులో టమాటా ఎత్తి తెల్లవారేలోగా చెన్నై కోయంబేడు మార్కెట్లో దించడం వారి పని. బండి నడిపేది ఆయన భార్య తమ్ముడు.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వచ్చినప్పుడు ఆ బండి రెండు రోజులపాటు చక్రాల సగం దాకా నీళ్లలో నిలిచింది. నీళ్లు తీశాక మామూలుగానే నడిచింది. 2024 వానల్లో రెండు మూడుసార్లు పికప్ తగ్గి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి, దానంతటదే సర్దుకుంది. 2025 సంక్రాంతి తర్వాత మదనపల్లెలో బాడీ పక్క ఫ్రేము విరిగితే బావమరిది అక్కడే రాత్రికి రాత్రి వెల్డింగ్ చేయించారు. బ్యాటరీ తీగలు విప్పలేదు, ఆ సంగతి ఇంట్లో చెప్పనూ లేదు. వేసవి నుంచి జబ్బు ముదిరింది. గంటా గంటన్నర నడిచాక బండి గుంజడం మానేస్తుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది, అరగంట నిలబెడితే మళ్లీ స్టార్టవుతుంది. ఒకసారి భాకరాపేట ఘాట్‌లో ఆగిపోవడంతో లోడు మధ్యాహ్నానికి కోయంబేడు చేరి సగం ధరకు పోయింది. లోపాల కోడ్‌లు చదివే స్కానరు పెడితే యాక్సిలరేటర్ పెడల్, రైలు ప్రెషర్ (ఇంజిన్‌కు డీజిల్ పంచే గొట్టంలోని పీడనం), బూస్ట్ ప్రెషర్ (టర్బో తోసే గాలి పీడనం) సెన్సర్ల కోడ్‌లు ఒక్కసారే వచ్చాయి. ఇన్ని సెన్సర్లు ఒకేసారి పోవు, ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే కంప్యూటరే పోయిందని షెడ్డు మెకానిక్ తేల్చారు.

కొత్త కంప్యూటర్‌కు సర్వీస్ సెంటరు 1,10,000 రూపాయలు చెప్పింది. పుదుపేటలో పాత బండి నుంచి విప్పినది 30,000కు ఇస్తామన్నారు. అంబత్తూరులో ఒకరు ఉన్నదాన్నే విప్పి బాగుచేయడానికి 18,000 అడిగారు. ఎలాగూ కంప్యూటర్ మీద చెయ్యి వేస్తున్నారు కనుక యూరియా సిస్టం కూడా ఆపించేయమని ఒక స్నేహితుడు, ఎవరికీ చెప్పకుండా బండి అమ్మేయమని మరొకరు సలహా ఇచ్చారు. క్లీనరు నోట వెల్డింగ్ సంగతి బయటపడ్డాక బావామరుదుల మధ్య మాట పెరిగింది. బావమరిది తాళం బల్ల మీద పెట్టి ఊరికి వెళ్లిపోయారు. భార్య తన నగలు తాకట్టు పెట్టి కంప్యూటర్ కొని ఈ గొడవ ముగించమంటున్నారు. ఏది కొనాలి, బావమరిదిని మళ్లీ పిలవాలా, నగలు తీసుకోవాలా అన్నవి ఆయన అడిగిన ప్రశ్నలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మూడు ప్రశ్నలకన్నా ముందు రావలసిన ప్రశ్న ఒకటి అందులో కనిపించలేదు. కంప్యూటర్ పోయిందని కొలిచి చూసి చెప్పినవారెవరు? స్కానరు పెట్టారు, కోడ్‌లు చదివారు, తీర్పు చెప్పారు. మీటరు పట్టుకుని ఒక్క పిన్ను దగ్గరైనా వోల్టేజి చూసినట్టు ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. స్కానరు చెప్పేది కంప్యూటర్ మొర మాత్రమే. "నాకు ఫలానా సెన్సర్ నుంచి సరైన కబురు రావడం లేదు" అంటుందే గాని, ఆ కబురు దారిలో ఎక్కడ ఆగిందో దానికి తెలియదు.

మీ మెకానిక్‌ను తప్పుపట్టడం లేదు. ఆయన మాటలో సగం నిజం ఉంది, ఆ సగం విలువైనది కూడా. ఒక వీధిలో నాలుగిళ్లకు ఒకేసారి కరెంటు పోతే నాలుగిళ్ల వైరింగూ ఒకేసారి కాలిందని ఎవరూ అనుకోరు. నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చూస్తారు. అయితే ఆ ఉమ్మడిది ట్రాన్స్‌ఫార్మరే కావచ్చు, స్తంభం మీది ఫ్యూజు కావచ్చు, ఒక ఇంట్లో షార్టయి మిగతా మూడిళ్లనూ చీకట్లోకి నెట్టి ఉండవచ్చు. మీ బండిలోనూ అంతే. చాలా ఇంజిన్లలో ఇలాంటి సెన్సర్లకు కంప్యూటర్ నుంచి 5 వోల్టుల సరఫరా వెళ్తుంది, రెండు మూడు సెన్సర్లు ఒకే తీగ మీద బతుకుతాయి. వాటిలో ఒక్క సెన్సర్ లోపల షార్టయినా, ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలినా, 5 వోల్టులు ఒక వోల్టుకు పడిపోతాయి, తక్కినవన్నీ ఒకేసారి తప్పుడు లెక్కలు చెబుతాయి. అప్పుడు స్కానరులో కనిపించేది సరిగ్గా మీరు రాసిన కోడ్‌ల వరసే.

లారీల ఎలక్ట్రికల్ పనిలో చాలా ఏళ్లు గడిపినవాడిగా ఒక సంగతి మీతో చెప్పుకోవాలి. పని నేర్చిన కొత్తలో ఒక యజమానికి నేనే కంప్యూటర్ పోయిందని చెప్పి కొత్తది కొనిపించాను. మూడు వారాలు బాగా నడిచి బండి మళ్లీ అలాగే ఆగింది. బ్యాటరీ పెట్టె కింద ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ తీగ తుప్పులో కూరుకుపోయి ఉంది. కొత్త పెట్టె బిగించేటప్పుడు మేము అటూ ఇటూ లాగడంతో ఆ తీగ కొన్నాళ్లు సరిగ్గా తగిలింది, అంతే. ఆ యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అప్పటి నుంచి కొలవకుండా కంప్యూటర్ అనే మాట నా నోట రాలేదు. మీ చేత కూడా కొలిపించకుండా కొననివ్వకూడదన్నదే నా ఆరాటం.

కొలవడం అంటే ఏమేం కొలవాలో వివరంగా రాస్తున్నాను. ఈ భాగాన్ని మీకు నమ్మకమున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. మంచి మీటరు, కంప్యూటర్ పిన్నుల డయాగ్రం ఉన్నవారైతే ఒక పూటలో అయిపోయే పని.

మొదట కంప్యూటర్‌కు తిండి అందుతోందా అన్నది చూడాలి. దాని ప్లగ్గు విప్పి, సరఫరా పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య మీటరు పెడితే 24 వోల్టులు చూపుతుంది, ఎలక్ట్రీషియన్ తల ఊపి లేచిపోతారు. అక్కడే మోసపోతాం. తీగలో ఇరవై పోగులు తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు 24 చూపుతుంది, ఎందుకంటే మీటరు కరెంటు తాగదు. అదే రెండు పిన్నుల మధ్య 24 వోల్టుల హెడ్‌లైటు బల్బు ఒకటి కలిపి చూడమనండి. నిండుగా వెలిగితే దారి బాగున్నట్టు, ఎర్రగా కునికితే తీగో, ఫ్యూజు హోల్డరో, మెయిన్ రిలేనో అలసిపోయినట్టు. పిన్నులు సాగకుండా సరైన ప్రోబులు వాడాలి, ప్లగ్గులో సూదులు గుచ్చితే కొత్త జబ్బు మొదలవుతుంది. తర్వాత ప్లగ్గు బిగించి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ నెగటివ్‌కూ కంప్యూటర్ ఎర్త్ తీగకూ మధ్య ఎంత చూపుతుందో చూడాలి. సున్నాకు దగ్గరగా ఉండాలి. అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో తుప్పు ఉందని అర్థం.

రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవమనండి. మన బండ్లలో ఫోన్ ఛార్జరుకూ పాటల డబ్బాకూ 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచే తీగ లాగుతారు. ఆ బ్యాటరీ ఎప్పుడూ కొరతతోనూ, రెండోది ఎప్పుడూ అజీర్తితోనూ ఉంటాయి. రెండూ కలిపి 24 చూపినా, సెల్ఫ్ కొట్టినప్పుడు కంప్యూటర్‌కు అందేది చాలా తక్కువ కావచ్చు. బండి నడుస్తున్నప్పుడు డైనమో ఛార్జింగ్ 28 వోల్టుల చుట్టుపక్కల నిలకడగా ఉండాలి. డైనమోలో డయోడ్లు పోతే వోల్టేజి వణుకుతుంది, ఆ వణుకు కూడా సెన్సర్ల లెక్కలను చెడగొడుతుంది.

ఇక అసలు పరీక్ష బండి ఆగిపోయిన క్షణంలో జరగాలి. చల్లగా ఉన్న బండిని షెడ్డులో ఎంత చూసినా అది ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని, ఖాళీ బండితో, పగటిపూట రెడ్ హిల్స్ దాటి గుమ్మిడిపూండి దాకా వెళ్లి రండి. ఆగిన వెంటనే తాళం ఆన్‌లోనే ఉంచి, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందా, స్కానరు కంప్యూటర్‌తో మాట్లాడుతోందా చూడండి. లైటూ లేదు, స్కానరుకు జవాబూ లేదు అంటే కంప్యూటర్‌కు సరఫరా పోయి ఉండాలి, లేదా కంప్యూటరే స్పృహ తప్పి ఉండాలి. స్కానరుకు జవాబు వస్తూ, రైలు ప్రెషర్ సెన్సర్ ప్లగ్గు దగ్గర 5 వోల్టులు లేకపోతే, ఆ తీగ మీద ఉన్న సెన్సర్లను ఒక్కొక్కటిగా విప్పుతూ మీటరు చూడండి. ఒకదాన్ని విప్పగానే 5 వోల్టులు తిరిగి వస్తే దొంగ దొరికినట్టే, ఆ సెన్సర్ ధర మీరు అడిగిన మూడు ధరల దరిదాపుల్లో కూడా ఉండదు. అన్నీ విప్పినా రాకపోతే కంప్యూటర్ దగ్గర ఆ తీగను వేరుచేసి చూడాలి. అప్పుడు కూడా పెట్టె నుంచి 5 వోల్టులు రాకుంటే, ఆ పెట్టెకు సరఫరా, ఎర్త్ రెండూ నిండుగా ఉన్నాయని ముందే తేలి ఉంటే, అప్పుడు మీ మెకానిక్ చెప్పింది నిజమని నేనూ ఒప్పుకుంటాను.

వేడెక్కితే ఆగి చల్లారితే నడవడం గురించి కూడా చెప్పాలి. కంప్యూటర్ లోపల టంకం అతుకులు ఏళ్ల తరబడి అదురుకు, వేడికి పగిలితే ఇలాగే ప్రవర్తిస్తుంది, అది నిజం. కానీ ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్ ముసలిదైతే అచ్చం ఇలాగే ప్రవర్తిస్తుంది. దాని లోపలి సన్నని చుట్ట వేడికి విడిపోయి చల్లారాక కలుసుకుంటుంది. ఈ రెండింటినీ వేరుచేసే ఒక సాక్ష్యం డ్రైవరు కళ్ల ముందే ఉంటుంది. గేరులో ఉండగా ఇంజిన్ ఆగితే చక్రాలు ఇంకా దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఆ క్షణంలో ఆర్‌పీఎం ముల్లు మెల్లగా దిగిందా, టక్కున సున్నాకు పడిందా? మెల్లగా దిగితే తిరుగుడు సంకేతం అందుతూనే ఉంది, లోపం డీజిల్ వైపో సెన్సర్ల వైపో ఉండవచ్చు. టక్కున పడితే క్రాంక్ సెన్సర్‌నో, కంప్యూటర్ సరఫరానో, కంప్యూటర్‌నో అనుమానించాలి. దానితోపాటు డాష్‌బోర్డు లైట్లు కూడా ఒకసారి మిణుకుమన్నాయా అన్నది చూస్తే సరఫరా సంగతి ఇంకా తేలికగా తెలుస్తుంది. ఇది ఇంతవరకు ఎవరూ గమనించలేదు, లేదా గమనించిన మనిషిని ఎవరూ అడగలేదు. ఆ మనిషి ఇప్పుడు పీలేరులో ఉన్నారు.

అందుకే ఇక్కడ వెల్డింగ్ సంగతి ఎత్తవలసి వస్తోంది. బ్యాటరీ విప్పకుండా ఛాసిస్ మీద వెల్డింగ్ చేయించడం తప్పే, అందులో సందేహం లేదు. వెల్డింగ్ కరెంటు తనకు దగ్గరి దారి చూసుకుంటుంది, ఎర్త్ క్లాంపు దూరంగా ఉంటే కంప్యూటర్ ఎర్త్ గుండా కూడా పోతుంది, లోపలి పరికరాలు దెబ్బతింటాయి. రెండు బ్యాటరీల తీగలూ విప్పి, కంప్యూటర్ ప్లగ్గు తీసి, వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగా క్లాంపు బిగించాలి. ఇది చాలామంది వెల్డర్లకే తెలియదు, బీఎస్-2 కాలపు మెకానికల్ పంపుల బండ్లకు దాని అవసరం అంతగా రాలేదు. కానీ మీరే రాసిన తేదీలు ఒకసారి వరసగా పెట్టి చూడండి. నీళ్లలో నిలిచింది 2023 డిసెంబరులో, మొదటిసారి పికప్ తగ్గింది 2024 వానల్లో, వెల్డింగ్ జరిగింది ఆ తర్వాతి సంక్రాంతికి. జబ్బు మొదలై నెలలు గడిచాక జరిగిన పని ఆ జబ్బుకు మూలం ఎలా అవుతుంది? ముదిరించి ఉండవచ్చు, అది పరీక్షలో తేలుతుంది. నా అనుమానం మాత్రం తుపాను నీళ్ల మీదే ఎక్కువ. రాగి తీగ పోగుల మధ్య నీరు దీపం వత్తిలో నూనె ఎగబాకినట్టు ఎగబాకుతుంది, నెలల తరబడి లోపలే ఉండి ప్లగ్గు పిన్నులకు పచ్చ చిలుము పట్టిస్తుంది. కంప్యూటర్ ప్లగ్గు, ఛాసిస్ వెంట వెళ్లే హార్నెస్ (తీగల కట్ట) కింది కనెక్టర్లు విప్పి, ఆ చిలుము ఉందా అని ముందు చూడండి. ఉంటే, అది కంప్యూటర్ లోపలి దాకా పోయిందా అన్నది తర్వాతి ప్రశ్న.

పరీక్షల దగ్గర రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పాత బండ్లలో చేసినట్టు నడుస్తున్న ఇంజిన్‌పై ఇంజక్టరు పైపు వదులుచేసి చూడటం ఈ బండిలో ప్రాణాంతకం. డీజిల్ పంచే ఆ ఉమ్మడి గొట్టంలో, అంటే కామన్ రైలులో, పీడనం వెయ్యి బార్‌లు కూడా దాటవచ్చు, ఆ డీజిల్ చుక్క చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. రెండోది, తెలిసినవారి బండిలోని పెట్టెను అరువు తెచ్చి పెట్టి చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. మీ హార్నెస్‌లో షార్టు ఉంటే వారి పెట్టె కూడా కాలుతుంది. తాళం చెవికీ కంప్యూటర్‌కూ జత ఉండే బండ్లయితే ఆ జత చెడి రెండు బండ్లూ కదలకుండా పోవచ్చు.

పరీక్షల్లో కంప్యూటరే దోషి అని తేలిందనుకుందాం. అప్పుడు మీ ముందున్న మూడు దారులను వాటి ధరలకన్నా వాటి వెనక వచ్చే చిక్కులతో పోల్చి చూడాలి.

అంబత్తూరు దారిలో మీ పెట్టె మీ దగ్గరే ఉంటుంది, అందులోని సమాచారం కూడా చెక్కుచెదరదు. అది చిన్న విషయం కాదు. మీ ఇంజిన్ ఎంత శక్తిదో, ఛాసిస్ నంబరేదో, ఒక్కో ఇంజక్టరు ఎంత డీజిల్ తేడాతో చల్లుతుందో, ఏ తాళం తనదో, అన్నీ ఆ పెట్టె జ్ఞాపకంలో ఉంటాయి. ఎండిపోయిన కెపాసిటర్లు, పగిలిన టంకం, ఇంజక్టర్లను నడిపే భాగంలో కాలిన ట్రాన్సిస్టర్లు నిజంగా బాగుచేయగలిగినవే. చిలుము బోర్డు పొరల్లోకి దిగి ఉంటే మాత్రం బాగుచేసినా ఎక్కువ కాలం నిలవదు. ఇంకొకటి, లారీ కంప్యూటర్లను నీరు దూరకుండా గట్టిగా మూస్తారు. విప్పిన పెట్టెను తిరిగి అలాగే మూయకపోతే వచ్చే వానాకాలానికే కథ మొదటికొస్తుంది. పని ఇచ్చే ముందు వారిని అడగవలసింది ఇదే: విప్పే ముందు లోపలి సమాచారం మొత్తం చదివి కాపీ తీసి మీకిస్తారా, బాగుచేశాక బల్ల మీద వేడి చేసి నడిపి చూపిస్తారా, తిరిగి ఎలా మూస్తారు, ఎన్ని నెలలకు మాట ఇస్తారు. కాపీ తీయకుండా విప్పుతామన్నవారికి ఇవ్వకపోవడం మేలు.

పుదుపేట పెట్టె చవక, అయితే అది మరో ఇంజిన్ జ్ఞాపకాలతో వస్తుంది. పైన నంబరు ఒకటే అయినంత మాత్రాన చాలదు, లోపలి సాఫ్ట్‌వేర్ కూడా మీ ఇంజిన్‌కు సరిపడాలి, మీ పాత పెట్టెలోని సమాచారం అందులోకి ఎక్కించాలి. మీ పెట్టె ఇంకా స్కానరుకు జవాబిస్తోంది కాబట్టి ఆ సమాచారం ఇప్పుడు తేలికగా చదవవచ్చు, పూర్తిగా చచ్చాక కష్టం. అందుకని ఏ దారి ఎంచుకున్నా ఆ కాపీ ఇప్పుడే తీయించి పెట్టుకోండి. సమాచారం మార్చకుండా పెట్టి నడిపితే కొన్ని బండ్లు స్టార్టే కావు. స్టార్టయితే ఇంకా ప్రమాదం. తప్పు లెక్కన డీజిల్ చల్లి, పొగ కక్కి, ఇంజక్టర్లూ పిస్టన్లూ పోయాక తెలుస్తుంది. ఆ పెట్టె ఏ బండిలోంచి వచ్చిందో రాసిన బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనివారి దగ్గర కొంటే దొంగబండి సామాను మీ బండిలో చేరే అవకాశం ఉంది, ఆ జవాబుదారీ మీ మెడకు చుట్టుకుంటుంది.

సర్వీస్ సెంటరు దారి ఖరీదైనదే అయినా ఛాసిస్ నంబరు ప్రకారం ప్రోగ్రాం చేసి, ఇంజక్టర్ల తలల మీది కోడ్‌లు ఎక్కించి, తాళం జత చేసి ఇస్తారు. వారు చెప్పిన 1,10,000లో ప్రోగ్రామింగ్, కూలి, పన్ను కలిసి ఉన్నాయో లేదో మీరు రాయలేదు, కాగితం మీద రాయించుకోండి. ఒకసారి ప్రోగ్రాం చేసిన ఎలక్ట్రానిక్ పెట్టెను మామూలుగా వెనక్కి తీసుకోరు. బండి వైరింగ్ లోపం వల్ల కాలితే వారంటీ కూడా వర్తించకపోవచ్చు. అంటే ముందుగా హార్నెస్ పరీక్షించకుండా కొత్తది కొనడం మూడింటిలోకీ పెద్ద జూదం. పాతది తిరిగి ఇచ్చి కంపెనీ బాగుచేసిన పెట్టె తీసుకునే ఏర్పాటు మీ బండికి ఉందేమో కూడా అక్కడే అడగండి.

నా అభిప్రాయం అడిగితే, చిలుము లేకుండా ఉంటే అంబత్తూరు, చిలుము లోపలికి దిగి ఉంటే సర్వీస్ సెంటరు. కాగితాలూ సమాచార మార్పిడీ రెండూ పక్కాగా ఉంటేనే పుదుపేట.

యూరియా ఆపించే సలహా మాత్రం పక్కన పెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన తీరును అనుమతి లేకుండా మార్చకూడదు. 2019లో సవరించిన సెక్షన్ 182ఎ ప్రకారం యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ బండికి ఎనిమిదేళ్లు నిండుతున్నాయి. ఎనిమిదేళ్లు దాటాక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రెండేళ్లకోసారి కాదు, ఏటా చేయించుకోవాలి. అంటే ప్రతి ఏడాదీ ఆ మార్పును దాచవలసి వస్తుంది. యూరియా ఉన్నది పొగగొట్టంలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించడానికి. మాధవరం, మనలి పిల్లలు పీల్చేది ఆ గాలినే, మీ పిల్లలు కూడా.

చెప్పకుండా అమ్మేయడం గురించి ఎక్కువ రాయను. లోపం చెప్పి, పరీక్షల కాగితం చూపి, దానికి తగ్గ ధరకు అమ్మడం ఒక దారి. వాయిదాలు మిగిలి ఉన్నాయి కనుక వచ్చే డబ్బు అప్పుకు సరిపోతుందో లేదో లెక్క చూసుకోండి. దాచి అమ్మితే ఆ బండి ఘాట్‌లో ఆగినప్పుడు స్టీరింగ్ బిగుసుకుపోయేది మరొక డ్రైవరు చేతుల్లో. ఈ కారణంగానే, పరీక్షలు పూర్తయ్యే దాకా మీరు కూడా లోడుతో భాకరాపేట వైపు పంపకండి. ఇంజిన్ ఆగితే పవర్ స్టీరింగ్ సాయం పోతుంది, బ్రేకులకు కొత్తగా గాలి ఎక్కదు.

నగల విషయంలో మీ భార్య మాట వెనక ఉన్నది కంప్యూటర్ కాదని నాకు అనిపిస్తోంది. తమ్ముడూ భర్తా మాట్లాడుకోని ఇంట్లో ఉండలేక ఆమె అలా అంటున్నారు. నగలు తాకట్టు పెట్టి పెట్టె కొన్నాక బండి మళ్లీ ఆగితే, వడ్డీతోపాటు నింద కూడా ఆమె తమ్ముడి మీదే పడుతుంది. పరీక్షకయ్యే కూలికి నగలు అక్కర్లేదు. ఫలితం వచ్చాక బాగుచేయించడానికి 18,000 సరిపోతుందంటే యార్డులోని మండీ యజమానినో, మీకు కిరాయిలు ఇచ్చేవారినో అడ్వాన్సు అడిగే వీలుంటుంది. కొత్తదే కావాలని తేలితే అప్పుడు నగల మాట ఆమెతో కూర్చుని మాట్లాడండి, వాయిదాల లెక్కంతా ఆమె ముందు పెట్టి.

బావమరిదిని పిలవండి. మందలించడానికి కాదు, క్షమాపణ చెప్పించడానికీ కాదు. ఆగిన ప్రతిసారీ ఆ సీట్లో కూర్చున్నది ఆయనే. ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, వాన ఉందా, ఎక్కుతోందా దిగుతోందా, ముల్లు ఎలా పడింది, లైట్లు మిణుకుమన్నాయా అన్నది ఆయన తప్ప ఎవరూ చెప్పలేరు. వెల్డింగ్ సంగతి దాచినందుకు మీకు కోపం రావడం న్యాయమే, అది చెప్పండి కూడా. అయితే చెప్పే ముందు తేదీల వరస ఆయనకు చూపించి, జబ్బు వెల్డింగ్‌కన్నా ముందే మొదలైందని మీ నోటితో అనండి. అర్ధరాత్రి లోడు కుళ్లిపోతుందన్న తొందరలో ఆ పని చేసి ఉంటారు, మీకు డబ్బు నష్టం రాకూడదనే. ఇకపై వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ విప్పాలన్న మాట ఇద్దరూ కలిసి వెల్డరుకు చెప్పేలా ఏర్పాటు చేసుకోండి. ఆయన రానంటే ఫోనులోనైనా ఆ వివరాలు అడిగి రాసుకోండి. వేరే డ్రైవరును పెట్టుకోవడం మీ హక్కు, కానీ ఆ నిర్ణయం పరీక్ష ఫలితం తర్వాత తీసుకుంటే అది కోపంతో తీసుకున్నదని మీ ఇంట్లో ఎవరూ అనలేరు.

చివరికి పెట్టె మార్చే రోజు వస్తే, ఆ రోజు పనివాళ్ల పక్కనే ఉండండి. తాళం తీసిన వెంటనే బ్యాటరీ విప్పనివ్వకండి. తాళం తీశాక కూడా కంప్యూటర్ కొద్దిసేపు మేలుకుని తాను నేర్చుకున్నవి రాసుకుంటుంది, రెండు మూడు నిమిషాలు ఆగాలి. ప్లగ్గు పిన్నులు శుభ్రం చేయించి, హార్నెస్ కంప్యూటర్ దగ్గరికి వచ్చే ముందు కిందికి వంగి మళ్లీ పైకి ఎక్కేలా కట్టించండి, అలా కడితే వాన నీరు ఆ వంపులోనే జారిపోతుంది. పెట్టె కింద అదురు ఆపే రబ్బర్లు అరిగి ఉంటే మార్చండి. ఇంజక్టర్ల కోడ్‌లు ఎక్కించాక స్కానరు రిపోర్టు ప్రింటు తీసుకుని, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి నడిపించి చూడండి. కంపెనీతో మార్పిడికి తప్ప పాత పెట్టెను ఎవరికీ ఇవ్వకండి.

పరీక్ష అయ్యాక నాకు నాలుగు సంగతులు రాసి పంపండి: బల్బు ఎలా వెలిగింది, ఎర్త్ దగ్గర ఎన్ని వోల్టులు, ఆగిన క్షణంలో 5 వోల్టులు ఎంతకు పడ్డాయి, ముల్లు ఎలా దిగింది. ఆ ఉత్తరాన్ని మీ బావమరిది చేత రాయించినా సరే.